నీళ్లు కనిపిస్తే కాళ్లు అటే పోతాయి, దీనికి తెలుగులో ఏమంటారు?

గట్టుమీద_గొడుగు
ఆదివారం రాత్రి 10:42

చాలా రోజులుగా అడగాలనుకుంటున్నా. నా ఆఫీసు మాదాపూర్‌లో, దుర్గం చెరువుకి నడిచి వెళ్లేంత దూరం. షిఫ్ట్ అయిపోగానే అందరూ మెట్రో వైపు వెళ్తే నేను చెరువు వైపు తిరుగుతా, రోజూ, వాన పడినా సరే. ఓ ఇరవై నిమిషాలు రెయిలింగ్ పట్టుకుని నిలబడతా. ఏమీ చేయను, ఫోన్ కూడా తీయను. కేబుల్ బ్రిడ్జి లైట్లు వెలిగాక ఆ రంగులు నీళ్లలో పొడుగ్గా సాగుతాయి, చిన్న అల వస్తే ముక్కలవుతాయి, మళ్లీ అతుక్కుంటాయి. అదే చూస్తూ ఉంటా. కొన్ని రోజులు గుర్రపుడెక్క కుళ్లిన వాసన గుప్పుమంటుంది, అయినా కదలబుద్ధి కాదు. పొద్దుటి నుంచి తలలో తిరిగిన టెన్షన్లన్నీ ఎక్కడికో పోతాయి.

మొన్న మా టీమ్‌లో ఒకమ్మాయి "నువ్వు థాలసోఫైల్‌వి" అంది. ఇంటికొచ్చి వెతికితే అది సముద్రమంటే ఇష్టపడేవాళ్లకి వాడే మాటట. నేను సముద్రాన్ని చూసిందే ఇరవై మూడేళ్లప్పుడు, బాపట్ల దగ్గర సూర్యలంకలో. మాది సిద్దిపేట అవతల చెరువు ఊరు. సముద్రం బాగుంది, కాదనను, కానీ నన్ను లాగేది అది కాదు. చెరువు, వాగు, కుంట, ఆఖరికి రోడ్డు మీద నిలిచిన వాన నీళ్లైనా సరే.

ఇంకో సంగతి. చిన్నప్పుడు నాకు జలగండం ఉందని అమ్మ చెరువు దగ్గరికి పోనిచ్చేది కాదు. పన్నెండేళ్లు నిండేదాకా గండమట. దోస్తులంతా తూము మీది నుంచి దూకుతుంటే నేను కట్ట మీద చింతచెట్టు కింద కూర్చుని వాళ్ల చొక్కాలకి కాపలా కాసేవాణ్ణి. ఈత ఇప్పటికీ రాదు.

ఈ లాగుడికి మన భాషలో ఒక మాట ఉందా? ఉంటే చెప్పండి. కొత్తగా తయారుచేసింది కాదు, ఎవరి నోట్లోనైనా నిజంగా నలిగిన మాట కావాలి.

ఉప్పుగాలి
ఆదివారం రాత్రి 11:15

మాది బందరు, పదకొండేళ్లుగా కూకట్‌పల్లి. కాబట్టి ఆ థాలసోఫైల్ మాట నాకు సరిపోతుందేమో. గ్రీకులో థాలస్సా అంటే సముద్రం, ఫిలోస్ అంటే ఇష్టపడేవాడు. చెరువుకి లిమ్నే, నదికి పొటమోస్. వాటితో కూడా లిమ్నోఫైల్, పొటమోఫైల్ అని కట్టొచ్చు, కానీ లిమ్నో మాటల్ని జీవశాస్త్రం వాళ్లు నిలవ నీటిలో బతికే పురుగులకీ మొక్కలకీ ఎప్పుడో తీసేసుకున్నారు. హైడ్రోఫిలిక్ అంటే కెమిస్ట్రీ, దూది నీళ్లు పీల్చుకోవడం లాంటిది. ఇక హైడ్రోఫోబియా అంటే మీ అందరికీ తెలిసిందే, పిచ్చికుక్క కరిస్తే వచ్చే రేబిస్‌లో నీళ్లు మింగబోతే గొంతు పట్టేస్తుంది, అందుకని వాళ్లకి నీళ్లు చూపిస్తేనే వణుకు.

నాకు ఆశ్చర్యం ఏంటంటే, భయానికి పెట్టిన పేరు ఆస్పత్రుల దాకా పాకింది, ఇష్టానికి పెట్టిన పేరు మాత్రం ఫొటోల కింద రాసుకునే మాటగానే మిగిలింది.

ఇక్కడికొచ్చిన కొత్తలో రాత్రి నిద్ర పట్టేది కాదు. కారణం తెలియడానికి నెల పట్టింది. చెవికి హోరు లేదు.

తెలుగు_పంతులు
సోమవారం ఉదయం 6:20

గొడుగు గారూ, ప్రశ్న చాలా బాగుంది. నేను ముప్పై నాలుగేళ్లు తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి, కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

సంస్కృతంలో కోరికని క్రియలోంచే పుట్టించే పద్ధతి ఒకటుంది. పా అంటే తాగడం, తాగాలనే కోరిక పిపాస. భుజ్ నుంచి తినాలనే కోరిక బుభుక్ష. జ్ఞా నుంచి జిజ్ఞాస. అలాగే తౄ అంటే దాటడం, దాటాలనే కోరిక తితీర్ష. తీర్థం, తరణం, తీరం అన్నీ ఆ ధాతువు చుట్టాలే. తీర్థం అంటే మొదట దేవుడి నీళ్లు కాదు, ఏటిని దాటడానికి వీలైన చోటు, అంటే రేవు. కాబట్టి నీళ్లకి సంబంధించి మనకి తాగాలనే కోరికకి మాట ఉంది, దాటాలనే కోరికకి మాట ఉంది. ఊరికే పక్కన నిలబడాలనే కోరికకి మాత్రం నాకు తెలిసి మాట లేదు.

నీళ్ల పేర్లకి కొదవ లేదు. సలిలం, తోయం, వారి, అంబువు, ఉదకం, పయస్సు. అమరకోశం నీటి పేర్లలో జీవనం, భువనం, వనం కూడా చెబుతుంది. తామరకి వనజం అని పేరు రావడానికి అడవితో సంబంధం లేదు, అక్కడ వనం అంటే నీరే. క్లాసులో ఇది చెప్పినప్పుడల్లా పిల్లలు ఒక్క క్షణం నిశ్శబ్దమయ్యేవాళ్లు, నాకు ఆ క్షణం చాలా ఇష్టం.

అచ్చతెలుగులో నాకు తోచింది ఒకటుంది. కడుపుతీపి అంటాం, ప్రాణంతీపి అంటాం. ఆ వరసలో నీటితీపి. మంచినీళ్ల బావిని పల్లెల్లో తీపినీళ్ల బావి అంటారు కదా, ఆ అర్థం కూడా లోపల తగులుతుంది. మీరు కొత్తది వద్దన్నారు, నిజమే. కానీ ఊరికే నోట్లో వేసుకుని చూడండి.

నైట్‌డ్యూటీ
సోమవారం ఉదయం 8:05

ఇప్పుడే డ్యూటీ దిగాను. పంతులు గారు రాసింది బస్సులో చదువుతూ మా స్టాప్ దాటిపోయా.

నేను ప్రసూతి వార్డులో నర్సుని. నల్గొండ వైపు నుంచి వచ్చే పెద్దవాళ్లు డెలివరీ అయిందా అని అడగరు, "నీళ్లాడిందా బిడ్డా" అని అడుగుతారు. నీళ్లాడటం అంటే కనడం. అంతకు ముందు కడుపు పండితే నీళ్లోసుకుంది అంటారు. బిడ్డ తొమ్మిది నెలలు ఉండేది ఉమ్మనీటిలో. అంటే మన భాషలో మనిషి మొదలయ్యేదే నీళ్ల మాటతో. పుట్టినప్పుడు పిల్లల ఒంట్లో సుమారు నాలుగింట మూడొంతులు నీరే ఉంటుంది, పెద్దయ్యాక అది అరవై శాతం చుట్టూ వస్తుంది.

ఒకటి చెప్తా. కొందరు పసిపిల్లలకి గుండె విపరీతమైన వేగంతో కొట్టుకునే సమస్య వస్తుంది. అప్పుడు డాక్టర్లు ఐస్ ముక్కలు, నీళ్లు కలిపిన సంచి కొన్ని సెకన్లు ముఖం మీద ఆనిస్తారు. మొదటిసారి చూసినప్పుడు నా చేతులు వణికాయి. మానిటర్‌లో 230 దగ్గర ఉన్న అంకె ఒక్కసారిగా ఆగినట్టయి, 140కి దిగింది. పాప ఏడ్చింది, వాళ్లమ్మా ఏడ్చింది. చల్లటి నీళ్లు ముఖానికి తగిలితే గుండె నెమ్మదించే గుణం మనుషులకీ సీల్ లాంటి జంతువులకీ ఉంది, డైవింగ్ రిఫ్లెక్స్ అంటారు. దయచేసి ఇంట్లో ఎవరూ ప్రయత్నించకండి, అది డాక్టర్ పక్కన ఉండి చేయాల్సిన పని.

పొద్దున్నే ముఖం మీద నీళ్లు కొట్టుకుంటే హమ్మయ్య అనిపిస్తుంది కదా. నాకు ఆ పాప మానిటర్ గుర్తొస్తుంది.

బోరుబావి
సోమవారం మధ్యాహ్నం 1:30

అందరూ ఏమీ అనుకోకండి, నాకు ఈ చర్చ కొంచెం బాధగా ఉంది. మాది నిజాంపేట వైపు అపార్ట్‌మెంట్. మార్చి వచ్చిందంటే బోరు అడుగంటుతుంది. వెయ్యి అడుగులు దాటి దింపినా దుమ్మే వచ్చింది. ట్యాంకర్ బుక్ చేస్తే ఎప్పుడొస్తుందో తెలియదు, రాత్రి రెండింటికి హారన్ కొడితే లేచి పరుగెత్తాలి. ఆ ఏజెన్సీ పేరు చెప్పను గానీ రెండుసార్లు సగం ట్యాంకర్ పోసి పూర్తి డబ్బులు తీసుకున్నారు. నాకు నీళ్లంటే టెన్షన్ తప్ప ఇంకేం గుర్తురాదు. గట్టు మీద నిలబడి చూసేంత తీరిక ఎక్కడుంది?

గట్టుమీద_గొడుగు
సోమవారం మధ్యాహ్నం 2:10

అన్నా, మీ మాట కాదనను. మా రూమ్‌లో కూడా బకెట్లు లెక్కపెట్టుకునే రోజులున్నాయి. ఒక్కటే అడుగుతా. ఆ ట్యాంకర్ సంపులో పోసేటప్పుడు మీరేం చేస్తుంటారు?

బోరుబావి
సోమవారం రాత్రి 9:50

ఈ ప్రశ్నకి జవాబివ్వడానికి మధ్యాహ్నం నుంచి ఆలోచిస్తున్నా.

నిలబడి వింటుంటా. డ్రైవరు పైపు సంపులోకి వదిలాక ముందు డబడబమని ఖాళీ చప్పుడు, ఆ తర్వాత నీటి మట్టం పెరిగేకొద్దీ గొంతు మారుతుంది, మెత్తగా అవుతుంది. నిండే ముందు ఒక రకమైన గుటక చప్పుడు వస్తుంది. నేను చేయాల్సింది సంతకం పెట్టడం ఒక్కటే, ఇంటికి పోయి పడుకోవచ్చు. పోను. మా ఫ్లోర్‌లో ఒకాయన కూడా లుంగీ మీదే వచ్చి పక్కన నిలబడతాడు, ఇద్దరం మాట్లాడుకోం. పైపు అతుకు దగ్గర కారే చోట పిల్లలు ఉంటే చేతులు పెట్టేసేవాళ్లు, రాత్రి కాబట్టి ఎవరూ ఉండరు. పోయిన వారం నేనే పెట్టాను.

సరే. మీరు చెప్పేది ఇదేనైతే నాకూ ఉంది.

లెక్కల_బుర్ర
సోమవారం రాత్రి 10:35

దీని మీద జరిగిన పరిశోధనలు నాకు తెలిసినంత వరకు చెప్తా.

ఇంగ్లాండ్‌లో 2010లో ఒక అధ్యయనం వచ్చింది. 120 ఫొటోలు చూపించి ఏవి నచ్చాయో, ఎక్కడ సేద తీరినట్టు ఉంటుందో అడిగారు. నీళ్లున్న దృశ్యాలకి ఎక్కువ మార్కులు పడ్డాయి, అది ఊహించిందే. విశేషం ఏంటంటే, కట్టడాలతో నిండిన ఊరి ఫొటోలో నీళ్లుంటే చాలు, నీళ్లు లేని పచ్చటి ప్రకృతి ఫొటోతో సమానంగా నచ్చింది. అంటే గొడుగు గారి గాజు బిల్డింగుల నడుమ దుర్గం చెరువు ఒక తోటతో సమానం.

రెండోది నాకు ఇంకా ఇష్టం. మెరిసే వస్తువులు మనకెందుకు నచ్చుతాయి అని 2014లో ఒక పరిశోధన వచ్చింది. డబ్బు, హోదా గుర్తుకొస్తాయి కాబట్టి అనుకుంటాం కదా. వాళ్లు దాహంతో ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ మెరిసే కాగితం మీద, మెరవని కాగితం మీద అచ్చేసిన బొమ్మలు చూపిస్తే, దాహం వేసినవాళ్లు మెరిసేదాన్ని ఎక్కువ ఇష్టపడ్డారు. అంతకు ముందే ఇంకో పరిశోధనలో పాలు తాగే పిల్లలు, అప్పుడే నడిచే పిల్లలు అద్దంలా మెరిసే బొమ్మల్ని మిగతావాటికంటే ఎక్కువగా నోట్లో పెట్టుకుని నాకడం గమనించారు. తళతళ అంటే మన మెదడుకి మొదటి అర్థం నీళ్లేనేమో అని వాళ్ల వాదన. మే నెలలో ఔటర్ రింగ్ రోడ్డు మీద దూరంగా తారు మెరుస్తుంటే మనం ఎండమావి అని తెలిసి కూడా ఒక్క సెకను నీళ్లే అనుకుంటాం.

మనిషి ఒకప్పుడు నీళ్లలో బతికిన కోతి అని 1960లో అలిస్టర్ హార్డీ అనే సముద్ర జీవశాస్త్రవేత్త ఒక ఊహ చెప్పాడు. వినడానికి బాగుంటుంది, కానీ మానవ పరిణామం చదివేవాళ్లలో ఎక్కువమంది ఒప్పుకోలేదు. దాని మీద ఆధారపడి ఏమీ కట్టకండి.

నైట్‌డ్యూటీ
సోమవారం రాత్రి 11:02

మా అక్క కూతురు అన్నం తినే స్టీలు పళ్లేన్ని తలకిందులుగా పట్టుకుని అడుగు నాకుతుంది! అన్నం ఉండేది ఇటువైపు కదమ్మా అని ఎంత చెప్పినా అటే. రేపే అక్కకి పంపిస్తా ఇది.

మూసీ_ఒడ్డు
మంగళవారం ఉదయం 11:20

నేను కొంచెం వేరేది చెప్పాలి. మాది పురానాపూల్ దగ్గర, నాలుగు తరాలుగా. ఈ ఊరికి నీళ్లతో ఉన్నది ఒక్క ఇష్టమే కాదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారు, ఆ చెట్టు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఇప్పటికీ ఉంది. బతకనివాళ్లు వేలల్లో. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లినీ భార్యనీ కూతుర్నీ పోగొట్టుకుని ఒక్కడే మిగిలాడు. ఆ వరద వల్లే విశ్వేశ్వరయ్యని పిలిపించారు, 1920లో గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. వరదని ఆపడానికి కట్టిన చెరువుల నీళ్లే తర్వాత ఊరు తాగింది. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ వదిలి పోలేడు అని మా నాయనమ్మ అనేది, మీ ఇళ్లలోనూ వినుంటారు.

2020 అక్టోబర్ 13 రాత్రి మా చిన్నమ్మ వాళ్ల కాలనీ మునిగింది, పైన చెరువు కట్ట తెగి. నేను, మా తమ్ముడు ఛాతీ లోతు నీళ్లలో వాళ్లని బయటికి తెచ్చాం. ఫ్రిజ్ తేలుతూ తలుపుకి అడ్డం పడింది, దాన్ని తోయడానికి నలుగురం కావాల్సి వచ్చింది. ఆ తర్వాత ఏడాది పాటు రేకుల మీద వాన చప్పుడు వింటే చిన్నమ్మ లేచి కూర్చునేది.

అలాంటి మనిషి, మరుసటి ఏడు హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారని టీవీలో చూసి, "చూసొద్దాం పద" అంది. నాకు నమ్మబుద్ధి కాలేదు. బండి మీద తీసుకెళ్లా. అక్కడ జాతర, మొక్కజొన్న కంకులు, పిల్లలు భుజాల మీద. ఆమె గేటు కింద తెల్లగా దూకే నీళ్ల వైపు చూస్తూ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నిలబడింది. భయమేస్తోందా అని అడిగితే, వేస్తోంది అంది. వెళ్దామా అంటే, కొంచెంసేపు ఆగు అంది.

మీరు వెతికే మాటలో ఇది కూడా ఉండాలి. నీటితీపి అంటే నాకు ఇందులో సగమే వినిపిస్తోంది, పంతులు గారూ.

తెలుగు_పంతులు
మంగళవారం మధ్యాహ్నం 12:40

మీరన్నది నిజం. నా మాట వెనక్కి తీసుకోవడానికి నాకు అభ్యంతరం లేదు.

మీ పోస్టు చదివాక నాకు ఇంకోటి తట్టింది. కష్టంలోంచి బయటపడితే మనం ఏమంటాం? గట్టెక్కాం. ఒడ్డున పడ్డాం. దరి చేరాం. పోయింది అనడానికి? గంగపాలైంది, ఏట్లో కలిసింది, దాని మీద నీళ్లొదిలేశాం. ధైర్యం చెడితే నీరుగారిపోయాం. అంటే మన నుడికారం అంతా నీళ్లలో పడినవాడి వైపు నుంచి పుట్టింది, గట్టు మీద నిలబడి చూసేవాడి వైపు నుంచి కాదు. దరి అనే మాటకే ఒడ్డు అనీ, దగ్గర అనీ రెండు అర్థాలున్నాయి.

ఒంటరి_తెడ్డు
మంగళవారం సాయంత్రం 5:15

నేను ఈత నేర్పిస్తాను, పదహారేళ్లుగా. ఇంతవరకు ఎవరూ రాయనిది రాస్తాను, ఎందుకంటే రాయకపోతే తప్పు.

మా ఊళ్లో ముసలివాళ్లు "నీళ్లు పిలుస్తాయిరా" అనేవాళ్లు. అది కవిత్వం కాదు, హెచ్చరిక. మా మేనత్త కొడుకు నగరం శివార్లలో రాయి తవ్వి వదిలేసిన క్వారీ గుంతలో పోయాడు, పందొమ్మిదేళ్లు. పచ్చగా, అద్దంలా, ఎంతో అందంగా ఉంటుంది అలాంటి నీరు. కదలదు, కాబట్టి భయం వేయదు. అంచు నుంచి ఒక్క అడుగు వేస్తే అడుగు దొరకదు, ఎందుకంటే చెరువుకి ఉన్నట్టు ఏటవాలు ఉండదు, గోడ కోసినట్టు నేరుగా దిగుతుంది. పైన ఎండకి వెచ్చగా ఉన్నా లోపల చలి. ఈత వచ్చినవాళ్లు కూడా ఆ చలికి ఊపిరి ఒక్కసారి లోపలికి లాగి నీళ్లు మింగుతారు.

2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో మన హైదరాబాద్ ఇంజినీరింగ్ పిల్లలు 24 మంది కొట్టుకుపోయారు. ఫొటోల కోసం రాళ్ల మీదికి దిగారు, పైన లార్జి డ్యామ్ నుంచి నీళ్లొదిలారు. వాళ్లని లాగింది కూడా ఇప్పుడు మనం ఇంత ప్రేమగా మాట్లాడుకుంటున్నదే.

గొడుగు తమ్ముడూ, నీకు ఈత రాదన్నావు. రెయిలింగ్ ఉన్నంతవరకు పర్వాలేదు. కానీ నేర్చుకో. పెద్దవాళ్లకి కష్టమేమీ కాదు, రోజుకి గంట చొప్పున నెల, నెలన్నర చాలు. మొదటి వారం నేను చేతులు కాళ్లు ఆడించనివ్వను, ముఖం నీళ్లలో పెట్టి బుడగలు వదలడమే. అది వచ్చిందంటే మిగతాది వస్తుంది.

తూము_మత్తడి
మంగళవారం రాత్రి 8:45

ఇరిగేషన్‌లో పనిచేసి బయటికొచ్చినవాణ్ణి, వరంగల్. ప్రస్తుతం ఉప్పల్‌లో ఉంటున్నా.

మాట లేదు, లేదు అంటున్నారు. నాకు వేరేగా అనిపిస్తుంది. మనకి ఆ కోరికకి మాట లేకపోవడానికి కారణం, దానికి చోటు ఉండటం. నీలాటిరేవు అనే మాట విన్నారా? ఊరి ఆడవాళ్లు నీళ్లకి వెళ్లే రేవు. బిందె నింపడానికి అయిదు నిమిషాలు పడుతుంది, మా అమ్మ గంటకి వచ్చేది. నానమ్మ అరుస్తుండేది. ఆ గంటలో యాభై అయిదు నిమిషాలు దేనికోసమో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పాల్సిన పనీ లేదు. నీళ్లకెళ్లింది, అంతే. బట్టలుతకడానికి, గేదెల్ని కడగడానికి, బతుకమ్మని వదలడానికి, మత్తడి, అంటే చెరువు అలుగు, దూకుతోందంటే చూడటానికి, కట్టమైసమ్మకి బోనం పెట్టడానికి, అన్నిటికీ కాళ్లు అటే పోయేవి. పని పేరు మీద పోయేవాళ్లు. ఇష్టమని వేరే చెప్పుకోవాల్సిన అవసరం రాలేదు.

ఇప్పుడు ఊరు ఇలా ఉంది. మాసబ్ ట్యాంక్‌లో ట్యాంక్ లేదు, పార్కుంది. నల్లకుంటలో కుంట కోసం ఎవరూ వెతకరు. కాకతీయుల కాలం నుంచి ఈ నేల మీద చెరువులు గొలుసుకట్టుగా ఉండేవి, ఒకటి నిండి మత్తడి దూకితే ఆ నీరు కింది చెరువులోకి పోయేది. మధ్యలో ఒక్క కాలువ మూసి ఇళ్లు కడితే పైది తెగుతుంది, కిందిది ఎండుతుంది. మూసీ_ఒడ్డు అక్క వాళ్ల చిన్నమ్మ ఇంట్లోకి వచ్చింది ఆ దారి తప్పిన నీరే. నేను సర్వీసులో ఉండగా శిఖం భూమి, అంటే చెరువు నీళ్లు నిలిచే నేల, అని ఫైలు మీద రాసి పంపిన చోట ఈరోజు అయిదంతస్తుల బిల్డింగులున్నాయి. అటు వైపు వెళ్లాల్సి వస్తే నేను వేరే రోడ్డు పట్టుకుంటా.

కానీ అంబర్‌పేటలో బతుకమ్మ కుంటని చూడండి. పూడిపోయి, పిచ్చిచెట్లు మొలిచి, అక్కడ కుంట ఉండేదా అని కోర్టుల్లో వాదించుకునే స్థితికి వచ్చింది. 2025లో జేసీబీ పెట్టి తవ్వడం మొదలుపెడితే కొన్ని అడుగుల్లోనే నీళ్లు ఊరాయి. ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో. చుట్టూ జనం ఎగబడి వంగి చూస్తున్నారు. బన్సీలాల్‌పేట మెట్ల బావి కూడా అంతే, దశాబ్దాల చెత్త తీసి బాగుచేసి 2022 డిసెంబర్‌లో తెరిచారు. నేను వెళ్లిన రోజు ఒక ముసలాయన మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, నేను తిరిగి వచ్చేటప్పటికీ అక్కడే ఉన్నాడు.

రేవు పోయింది కాబట్టే గొడుగు గారు మాట అడుగుతున్నారని నా అభిప్రాయం. మా అమ్మకి ఈ ప్రశ్న అర్థమయ్యేది కాదు.

ఉప్పుగాలి
మంగళవారం రాత్రి 9:30

తూము గారూ, ఇది చదివి చాలాసేపు ఏం రాయాలో తెలియలేదు. మా నాన్న 2015 గోదావరి పుష్కరాలకి మోకాళ్ల నొప్పితో ధర్మపురి వెళ్లాడు. అంత దూరం ఎందుకు నాన్నా, కృష్ణమ్మకి వచ్చే ఏడాది పుష్కరాలున్నాయి కదా అంటే, ఆ ఏడాదీ వెళ్తా అన్నాడు. పుణ్యం కోసమని చెప్పేవాడు. మూడు మునకలు వేసి రావాల్సినవాడు ఒడ్డున సాయంత్రం దాకా కూర్చున్నాడని తోడు వెళ్లినవాళ్లు చెప్పారు.

గట్టుమీద_గొడుగు
బుధవారం రాత్రి 11:10

అందరికీ ఒక్కొక్కరికీ జవాబు రాయాలని ఉంది. ముందు జరిగింది చెప్తా.

ఇందాక అమ్మకి ఫోన్ చేశా. తెడ్డు అన్న పోస్టు చదివినప్పటి నుంచి మనసు ఊరికే ఉండలేదు. అమ్మా, నేను ఈత నేర్చుకుందామనుకుంటున్నా, నా జలగండం పోయినట్టేనా, జాతకం ఎవరు చూశారు, ఏ పంతులు చెప్పాడు అని అడిగా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది, జాతకం ఎవరూ చూడలేదట. అసలు నాకు జాతకమే రాయించలేదట. నాకు మూడేళ్లున్నప్పుడు మత్తడి దూకుతుంటే చూపిద్దామని చంకనేసుకుని తీసుకెళ్లిందట. నేను చేతుల్లోంచి జారి అటు వైపు నడవడం మొదలుపెట్టానట. పిలిస్తే వినలేదట, వెనక్కి చూడలేదట. నీళ్లు పాదాలకి తగిలాక కూడా ఆగలేదట. ఇంకెవరో చొక్కా పట్టుకుని లాగారు. ఆ రాత్రే జలగండం అనే మాట ఆమే పుట్టించి ఇంట్లో అందరికీ చెప్పింది, నాన్నకి కూడా నిజం చెప్పలేదు. పన్నెండేళ్లు ఎందుకు అని అడిగితే, అప్పటికి నీకు నీళ్లలో కాళ్లు అందుతాయి కదా అంది.

నేను ఏం మాట్లాడాలో తెలియక, నాకప్పుడు ఏమైందమ్మా అన్నా. "ఏమైతది, నీకు నీల్లంటే పానం" అంది. చాలా మామూలుగా.

పంతులు గారూ, నేను అడిగిన మాట ఇది కాదేమో. ఇది నామవాచకం కూడా కాదు, మనం దేనికైనా అంటాం, పిల్లలంటే పాణం, పప్పుచారు అంటే పాణం. కానీ నాకు ఇక వేరేది వెతకాలని లేదు.

తెడ్డు అన్నా, వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి చేరుతా, మీ పూల్ ఎక్కడో మెసేజ్ పెట్టండి.

అమ్మ శనివారం హైదరాబాద్ వస్తోంది. దుర్గం చెరువు చూపిస్తానంటే అది తర్వాత, ముందు గండిపేట పోదాం, పేరు వినడమే గానీ ఎన్నడూ చూడలేదు అంది. అక్కడ నీళ్లలో కాళ్లు పెట్టనిస్తారా? తెలిసినవాళ్లు చెప్పండి.

మూసీ_ఒడ్డు
గురువారం ఉదయం 7:30

కట్ట మీదికి, నీళ్లలోకి దిగనివ్వకపోవచ్చు, తాగునీటి చెరువు కదా. పార్కు వైపు నుంచి బాగా కనిపిస్తుంది. నాలుగింటికల్లా చేరేట్టు బయల్దేరండి, శనివారం ఆ రోడ్డు రద్దీగా ఉంటుంది. పొద్దుగూకేటప్పుడు గాలి గట్టిగా వీస్తుంది, అమ్మని శాలువా తెచ్చుకోమనండి. కూర్చోవడానికి చిన్న చాప ఉంటే మంచిది, ఎలాగూ త్వరగా లేవరు.